గోడకు అవతలి బిడ్డలు

మా గుడిలో జరిగే ప్రార్థనలన్నీ నాకు నోటికి వచ్చు. పెండ్లి ప్రార్థన, సమాధి ప్రార్థన, బాప్తిస్మపు ప్రార్థన, ఏదైనా సరే. చదివి నేర్చుకున్నవి కావు. నేను బడికి పోయింది రెండేళ్ళు. మూడో ఏడు చెల్లెలు పుట్టింది, దాన్ని ఎత్తుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచుకున్నారు. కానీ ఆదివారం గుడిలో కిటికీ కింద చాప మీద కూర్చుని విన్నది విన్నట్టు లోపల నిలిచిపోయేది. ఒకటే చిక్కు. ఏ ప్రార్థన అయినా మొదటి నుంచి ఎత్తుకుంటేనే వస్తుంది. నడుమ నుంచి చెప్పమంటే నోరు పెగలదు. నా తలలోకి అవి అట్లాగే ఎక్కాయి, ఏం చేసేది?

మా ఊరు ఉరవకొండ తట్టు. ఊరికి తూర్పున రెడ్ల ఇండ్లు, నడుమ దూదేకులవాళ్ళవి నాలుగు కొంపలు, పడమట వంక గట్టున మా గేరి. మేం తాతల కాలం నుంచి కిరస్తానీలం. గుడి అంటే పెంకులు కప్పిన ఒకే గది. ఆరు దినాలు బడి, ఏడో దినం గుడి. దాని వెనుక మా సమాధులు. చెట్టు ఒక్కటీ లేకపోయినా దాన్ని సమాధుల తోట అనేవాళ్ళం. చుట్టూ నడుమెత్తు గోడ. మట్టీ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినది.

గుడిని రోజూ చూసుకునేది ఉపదేశి. బడిలో అయ్యవారు కూడా ఆయనే. పాస్టరు అయ్యగారు ఉండేది పట్నంలో. ఆయన కింద ముప్పై ఊళ్ళు. సైకిలు మీద తిరుగుతూ రెండు నెలలకొకసారి మా ఊరికి వచ్చేవాడు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల ఆయన వస్తేనే. బాప్తిస్మమూ ఆయన వస్తేనే. ఉపదేశి నీళ్ళు తెచ్చి పెట్టవచ్చు గానీ పోయకూడదు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది అంతే. ఎవరు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది అని మాలో ఒక్కరమూ అడగలేదు.

యాభైల చివరి ఏండ్లు అవి. వరుసగా రెండో ఏడు వాన లేదు. చేలో వేసిన వేరుశనగ విత్తనం మొలవకనే చీమల పాలైంది. మా గేరి బావి ఎండిపోయింది. వంక ఇసుకలో చెలమ తవ్వుకుని, అది ఊరేదాకా కాచుకుని కూర్చుని, టెంకాయ చిప్పతో తోడుకునేవాళ్ళం. మా ఆయన కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేవాడు. అప్పుడు పుట్టింది నా మొదటి బిడ్డ. ఆడపిల్ల. బొద్దుగా, నల్లగా, అరచేతులు మాత్రం ఎర్రగా.

అయ్యగారి వంతు ఆదివారం నాటికి దానికి ఇరవై దినాలు. తెల్లచొక్కా కుట్టించి పెట్టుకున్నాను. ఆ దినం ఆయన రాలేదు. దారిలో తుమ్మముల్లు దిగి సైకిలు టైరు చీలిపోయిందనీ, తోసుకుంటూ వెనక్కి పోయాడనీ సాయంత్రానికి తెలిసింది. రెండు వారాల తర్వాత వస్తానని కబురు పెట్టాడు. ఆ ఆదివారం ఆయనకు జ్వరం. ఆ వారంలోనే నా బిడ్డకు వాంతులూ విరేచనాలూ పట్టుకుని, రెండు దినాల్లో అయిపోయింది.

మా ఆయన దాన్ని నా పాత చీర ముక్కలో చుట్టి చేతుల మీద తీసుకుపోయాడు. ఆడవాళ్ళు రాకూడదన్నారు, అయినా నేను వెనకాలే పోయాను. గోడకున్న కంత దగ్గర ఉపదేశి నిలబడి ఉన్నాడు.

"లోపల కాదప్పా," అన్నాడు మెల్లగా. ఆయన కండ్లలోనూ నీళ్ళున్నాయి, అబద్ధం చెప్పను. "బాప్తిస్మం కాలేదు కదా. గోడకు అవతల."

"నలభై దినాల బిడ్డప్పా," అన్నాడు మా ఆయన.

"నాకు తెల్దా? రూలు నేను పెట్టినానా?"

మా ఆయన గోడ చుట్టి పోయి, తంగేడు పొద కింద గుంత తవ్వాడు. ఉపదేశి గోడకు లోపలే నిలబడి తల వంచుకున్నాడు. ప్రార్థన చెప్పలేదు. అవతలివాళ్ళకు ప్రార్థన లేదట. సమాధి ప్రార్థన నాకు మొదటి నుంచి చివరి దాకా వచ్చు. ఆ దినం మాత్రం నా నోరు పెగలలేదు. ఆ సంగతి ఈ రోజుకీ నాకు మంటే.

పదిహేను దినాలకు అయ్యగారు వచ్చాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. గుడి అయ్యాక అందరూ బయటికి పోతుంటే నేను ఎదురుపోయి నిలబడ్డాను.

"అయ్యగారూ, నా బిడ్డ ఇప్పుడు యాడుండాది?"

ఆయన నా తల మీద చెయ్యి పెట్టబోయాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"దేవుని కరుణకు అప్పగించాలి తల్లీ."

"ఆ కరుణ గోడకు ఈ పక్క ఉండాదా, ఆ పక్క ఉండాదా?"

సంఘ పెద్ద అక్కడే ఉన్నాడు. మా మామకు తమ్ముడు, నాకు చిన్నమామ వరస. "ఏమ్మే! అయ్యగారితో మాట్లాడే తీరేనా ఇది?" అని కసిరాడు.

"నిన్ను అడగలేదులే చిన్నమామా. జవాబు తెలిస్తే నువ్వైనా చెప్పు."

అయ్యగారు సైకిలెక్కి పోయాడు.

ఆ తర్వాత కూడా నేను గుడికి పోవడం మానలేదు. కిటికీ కింద నా చోటు నాదే. కానీ పాట మొదలైతే పెదవులు బిగించుకునేదాన్ని. బల్ల నాడు అందరూ ముందుకు పోతే నేను చాప మీదే ఉండేదాన్ని. లోపల ఒకటే రోకలి పోటు. సైకిలు టైరులో ముల్లు దిగితే నా బిడ్డకు పరలోకం తప్పిపోతుందా? తుమ్మముల్లుకు అంత అధికారమా? ఈ దేవుడు సముద్రాన్ని చీల్చినవాడు, రాతిలో నుంచి నీళ్ళు తెప్పించినవాడు అని నేను విన్నాను, పది మందికి చెప్పాను కూడా. అంత చేసినవాడికి నడుమెత్తు గోడ దాటడం రాదా? ఒకవేళ ఇదంతా కథేనా? కథ అయితే నేను ఇన్నేళ్ళు ఎవరితో మాట్లాడుతున్నట్టు? రాగులు విసురుతూ ఇదే, కట్టెలు ఏరుతూ ఇదే.

చెలమ కాడ నాకు తోడు దూదేకులామె. పరుపులకు దూది ఏకే సాయిబుల ఇల్లు వాళ్ళది. నాకన్నా పదేండ్లు పెద్ద. అక్కా అనేదాన్ని. నీళ్ళు ఊరేదాకా ఇద్దరం ఇసుకలో కూర్చునేవాళ్ళం. నా మనసులోదంతా ఒక దినం ఆమె ముందు కక్కేశాను.

"మా తట్టు పిల్లోల్లకు పాపం యాడిది మే?" అందామె. "పాలు తాగే బిడ్డ నేరుగా పోతాది. అడిగేవాడే లేడు."

"నీళ్ళు పొయ్యరా?"

"నీళ్ళుంటే తాగుతాం కదా!"

నాకు నవ్వు వచ్చింది. బిడ్డ పోయాక అదే మొదటి నవ్వు. ఆమె చిప్పతో ఇసుక తోడుతూ, "ఇంత కోపం పెట్టుకొని ఆ గుడికి ఎందుకు పోతాండావు? నమ్మేది మానుకోరాదా?" అంది.

"మానుకుంటే ఎవరితో కొట్లాడేదక్కా?"

ఆమె నా వైపు చూసి, "ఈ పిచ్చి కుదిరేది కాదులే," అని చిప్ప నా చేతికిచ్చింది.

మరుసటి వేసవికి మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. ఇది బొద్దుగా లేదు. పిల్లి కూనంత ఉంది. పురుడు వెళ్ళిన నాటి నుంచే అయ్యగారి వంతు ఎప్పుడా అని దినాలు లెక్కపెట్టేదాన్ని. ఒక పొద్దున ఉపదేశి ఇంటికి పోయి అడిగాను.

"ఆదివారం అయ్యగారు రాకుంటే నువ్వు పోస్తావా అన్నా?"

ఆయన చేతిలోని బలపం కిందపడింది. "నేనా? నా ఉద్యోగం పోతాదమ్మా! నలుగురు బిడ్డలు నాకు."

"నాకు ఒకటేనన్నా ఉండేది."

ఆయన బలపం తీసుకోవడానికి వంగి, ఎంతసేపటికీ తల ఎత్తలేదు. నేను వచ్చేశాను.

ఆదివారం వచ్చింది. తెల్లచొక్కా తొడిగి, గుడి మెట్టు మీద బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పొద్దు నెత్తికి వచ్చేదాకా కూర్చున్నాను. అయ్యగారు రాలేదు. పక్క ఊళ్ళో ఒక పెద్దాయన పోయాడట, అయ్యగారు ఆయన్ని సమాధి చేయడానికి వెళ్ళాడు. పోయినవాళ్ళు కాచుకోగలరు కదా అని నాలో నేను అనుకున్నాను.

మరునాడే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. మంగళవారం మధ్యాహ్నానికి నడినెత్తి గుంత పడింది. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. మా ఆయన కరువు పనిలో ఉన్నాడు, మా అత్త కట్టెలకు పోయింది. బిడ్డను భుజాన వేసుకుని, ముంత పట్టుకుని నేను చెలమకు పోయాను. వంతులో ఏడెనిమిది మంది ఉన్నారు. మా గేరి వాళ్ళు కొందరు, తక్కినవాళ్ళు దూదేకుల కొంపల వాళ్ళు. ఇసుక కాలుతోంది. కూర్చోబోతుంటే భుజం మీద బిడ్డ వాలిపోయింది. చూస్తే కండ్లు పైకి పోయి తెల్లగుడ్లు కనిపిస్తున్నాయి.

దూదేకులామె ఒక్క అంగలో వచ్చి బిడ్డను అందుకుంది. "మే, దీనికి ఊపిరి నిలుస్తాండ్లేదు!"

ఆ క్షణంలో నాకు కనిపించింది బిడ్డ ముఖం కాదు, తంగేడు పొద. గోడకు అవతల ఇంకొక గుంత. నేను అరిచాను.

"ఇది ఆ పక్కకు పోదు! నేనే పోస్తా. నీళ్ళియ్యండి!"

వంతులో ముందున్న ఆమె అరగంట నుంచి తోడుకున్న నీళ్ళు మారుమాట లేకుండా నా ముంతలో పోసేసింది. ముంత పట్టుకున్నాను. నోరు తెరిచాను. పోసేటప్పుడు చెప్పే మాట ఒక్కటి చాలు, నాకు తెలుసు. కానీ ఆ మాట రాలేదు. నడుమ నుంచి రాదు కదా! మొదటి నుంచి ఎత్తుకోక తప్పలేదు.

"ప్రియులారా, అందరూ నిలువబడండి," అన్నాను, అచ్చం అయ్యగారి గొంతుతో.

చెలమ చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళంతా గభాలున లేచి నిలబడ్డారు. కిరస్తానీలూ, కానివాళ్ళూ అందరూ. ఒకామె కొంగు కూడా తలమీదికి లాక్కుంది. నేను పరుగున చెప్పుకుంటూ పోయాను. మొదటి ప్రార్థన, తర్వాత కీర్తన, తర్వాత బిడ్డలను రానియ్యమన్న వాక్యం. బిడ్డ నోరు తెరిచి మూస్తోంది.

"ఇంగా ఎంత ఉండాది మే?" అంది దూదేకులామె.

"అయిపోవచ్చింది, అయిపోవచ్చింది. సైతానును విసర్జిస్తున్నావా?"

"ఎవరిని?"

"నిన్నేనక్కా, బిడ్డను పట్టుకున్నవాళ్ళే చెప్పల్ల! నువ్వు చెప్తేనే నాకు తరువాతది వచ్చేది. సైతానును విసర్జించినా అను!"

"సైతానా! వానితో మాకేం పని? విసర్జించినా! ఎప్పుడో విసర్జించినా! పొయ్యి నీళ్ళు!"

పోశాను. దాని పేరు పెట్టి పిలిచి, తండ్రి పేరట ఒకసారి, కుమారుని పేరట ఒకసారి, పరిశుద్ధాత్మ పేరట ఒకసారి. చెలమ నీళ్ళు చల్లగా ఉంటాయి. మూడోసారికి బిడ్డ ఉలిక్కిపడి ఎక్కిళ్ళు పెట్టింది, తర్వాత కీచుమని ఏడ్చింది. దూదేకులామె దాన్ని ఎత్తుకుని తన ఇంటికి పరుగెత్తింది. గంజి తేటలో ఉప్పుగల్లు వేసి, దూది ముంచి, బొట్టు బొట్టుగా నోట్లో పిండుతూ కూర్చుంది. రెండు దినాలు అట్లాగే చేసింది. బిడ్డ నిలిచింది. బాప్తిస్మం వల్లనో గంజి తేట వల్లనో నన్ను అడగవద్దు. రెండూ ఆమె చేతుల్లోనే జరిగాయి.

ఊరు ఊరుకుంటుందా? ఆడది అయ్యగారి పని చేసిందని, దూదేకులామె కిరస్తానీ బిడ్డకు సాక్షిగా నిలిచిందని పది దినాలు ఇదే మాట. మా ఆయన నవ్వాడు గానీ లోపల భయపడ్డాడు. మా అత్త మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఆమె అంతే, పది మాటలు అనే చోట ఒకటి అనేది.

మూడు వారాలకు అయ్యగారు వచ్చాడు. గుడి నిండిపోయింది. ప్రార్థన కాగానే చిన్నమామ లేచాడు.

"అయ్యగారూ, సంఘంలో ఒక ఘోరం జరిగింది. ఈమె తన బిడ్డకు తానే బాప్తిస్మం ఇచ్చుకునింది. అదీ వంకలో. సాక్షి ఎవరు? దూదేకులామె!"

అయ్యగారు నన్ను చూశాడు. "నిజమేనా తల్లీ?"

"నిజమే."

"ఏమని చెప్పి పోశావు?"

"మీరు చెప్పేదే చెప్పినా. ప్రియులారా నిలువబడండి కాడి నుంచి."

వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారి మీసం కింద కూడా ఏదో కదిలింది. మెత్తగానే అన్నాడు: "సరేలే తల్లీ. భయంలో చేశావు, దేవుడు తప్పు పట్టడు. బిడ్డను ఇట్లా తే. నేను మళ్ళీ ఇస్తాను. పుస్తకంలో రాసుకుందాం, ఎవరికీ అనుమానం ఉండదు."

నేను బిడ్డను గట్టిగా పట్టుకున్నాను. "ఇయ్యను."

"ఏం?"

"ప్రశ్నోత్తరాల్లో మీరే నేర్పినారు కదా. బాప్తిస్మము ఎన్నిసార్లు పొందవలెను? ఒక్కసారే పొందవలెను. ఇప్పుడు మీరు మళ్ళా పోస్తే, మీరు నేర్పింది తప్పైనా కావల్ల, నేను పోసింది ఉత్త నీళ్ళైనా కావల్ల. ఏదో ఒకటి ఈ పొద్దు తేల్చండి. ఆ దినం నా బిడ్డ పోయింటే, గోడకు ఏ పక్క పెట్టిందురు?"

"బల్ల నుంచి వెలేయండి అయ్యగారూ, నోరు మూతపడ్తాది!" అన్నాడు చిన్నమామ.

"ఏడాది నుంచి నేనే పోతాండ్లేదు కదా చిన్నమామా. కొత్తగా ఏం వెలేస్తావు?"

అయ్యగారు చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. సంచిలో నుంచి నల్ల అట్ట పుస్తకం తీశాడు. ప్రార్థనలు చదివే పుస్తకం అదే. బాప్తిస్మం దగ్గరికి పేజీలు తిప్పి, ఇంకొకటి తిప్పి, ఆగిపోయాడు. కండ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆయన తలచుకుంటే పుస్తకం మూసేసేవాడు. ఆ గుడిలో దాన్ని చదవగలిగినవాళ్ళు ఆయనా, ఉపదేశీ, ఇద్దరే. మూయలేదు. అందుకే ఆయన మీద నాకు ఎంత కోపమున్నా, ఒక మూల మర్యాద మిగిలింది.

"ప్రాణాపాయం ఉండి, పాస్టరు అందుబాటులో లేనప్పుడు, విశ్వాసులు ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చు అని ఉంది," అన్నాడు. గొంతు తగ్గిపోయింది. "ఈమె ఇచ్చింది చెల్లుతుంది."

చాపల మీద కూర్చున్నవాళ్ళు ముందుకు జరిగారు.

"ఎవరైనా అంటే ఆడది కూడానా?" అన్నాను.

"ఎవరైనా అనే ఉంది."

"ఆ మాట ఆడ ఎప్పటి నుంచి ఉండాది?"

"మొదటి నుంచీ ఉంది తల్లీ."

"మరి నేను ఎందుకు వినలేదు? ఈ పుస్తకమంతా నాకు వచ్చే!"

ఆయన పుస్తకం నా వైపు తిప్పాడు. రెండేళ్ళ చదువుకు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టం గానీ, చూపించింది అర్థమైంది. కొన్ని పెద్ద అక్షరాలు, కొన్ని చీమల బారులాంటి చిన్న అక్షరాలు. పెద్దవి పైకి చదివేవి. చిన్నవి ఎట్లా చేయాలో పాస్టరుకు చెప్పేవి, కంటితో చూసుకునేవి, నోటితో పలకనివి. నాకు వచ్చినవన్నీ పెద్ద అక్షరాలే. నా బిడ్డ చిన్న అక్షరాల్లో ఉండిపోయింది.

చిన్నమామ మీద గెలిచానని నేను సంతోషపడి ఉండాలి. సంతోషం యాడిది? కాళ్ళ నుంచి మంట లేచింది.

"అయితే నా పెద్ద బిడ్డకు నేను పోసిండొచ్చు. రెండు దినాలు నా ఒళ్ళోనే ఉండె. ఇంట్లో అప్పుడు నీళ్ళు కూడా ఉండె. మీరు ఈ ముక్క ఒక్కసారి పైకి చదివింటే చాలు కదా అయ్యగారూ!"

"చెప్పాల్సింది," అన్నాడు ఆయన. "చెప్పలేదు. తప్పు నాది."

తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకేం చేస్తాం? కొట్టలేం. నేను అడగాల్సింది అడిగాను. "అయితే దాన్ని గోడ లోపలికి తీసుకుందాం."

ఆయన మాట్లాడేలోగా చిన్నమామ అందుకున్నాడు. "పూడ్చిన బిడ్డను తవ్వేదానికి లేదు. గోడ కదిలించల్లంటే కమిటీ కూడల్ల. కమిటీ కూడేది పంటల తరువాతనే."

"ఏ పంటలు చిన్నమామా? రెండేండ్లుగా నువ్వు చూసినావా పంటను?"

గుడి అంతా నవ్వింది. ఆయన కండువా దులుపుకుని కూర్చున్నాడు. అయ్యగారు ఔననలేదు, కాదనలేదు. ఆ దినం నా చిన్న బిడ్డ పేరు రిజిస్టరులో రాసుకుని, సాక్షి పేరు రాసే చోట కాసేపు కలం పట్టుకుని ఆగి, గీత గీసి వదిలేసి పోయాడు.

మరునాడు పొద్దున్నే నేను సమాధుల తోటకు పోయాను. బిడ్డను తీసుకురాకూడదంటే, గోడే బిడ్డ దగ్గరికి పోతుంది. పడమటి పక్క గోడలో పై రాయి తీసి, ఎత్తుకుపోయి, తంగేడు పొదకు అవతల పెట్టాను. ఇంకొకటి. ఇంకొకటి. పదో రాయికి చేతులు చీరుకుపోయాయి. ఉపదేశి బడి వాకిట్లో నుంచి చూసి, లోపలికి పోయి, పిల్లల చేత ఎక్కాలు గట్టిగా చెప్పించడం మొదలుపెట్టాడు. చూడలేదని చెప్పుకోవడానికి కావచ్చు.

పొద్దు కాస్త పైకి వచ్చాక మా అత్త వచ్చింది. నన్ను తిట్టడానికే అనుకున్నాను. ఆమె నన్ను దాటిపోయింది. తంగేడు పొదనూ దాటి ఇరవై అడుగులు పోయి, ఒక గుండు రాయి పక్కన నిలబడింది.

"గోడ ఆడ కాదు. ఈడికి రావల్ల," అంది.

"ఏం అత్తా?"

"ఈడ నాది ఒకటుండాది. మీ ఆయనకు ముందరిది. ఇంగోటి ఆ పక్క."

ఆ మాట మా ఆయనకు కూడా తెలియదు. పెండ్లయ్యి వచ్చిన నాటి నుంచి ఆమెతో ఒకే కుండలో తిన్నాను. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆమె చీర బిగించుకుని, వంగి, ఒక రాయి ఎత్తింది.

మధ్యాహ్నానికి ఇంకా నలుగురు వచ్చారు. చూసి పోదామని వచ్చినవాళ్ళే. ఒకామె నిలబడినచోటే నిలబడి, కాసేపటికి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి వంక వైపు ఒక చోట ఆగింది. ఇంకొకామెది బోద గడ్డి పక్కన. ఒక ముసలామెకు చోటు సరిగ్గా గుర్తు లేదు. "ఈడనో, ఆడనో," అని ఏడ్చింది. "రెండూ లోపలికి వచ్చేటట్టు కడదాంలే అవ్వా," అన్నాను. పాత గోడ రాళ్ళు చాలలేదు. చేల గట్ల నుంచి మోసుకొచ్చాం. మా సీమలో రాళ్ళకైతే కొదవ లేదు. కరువు పని ముగించుకుని మా ఆయన, ఇంకొందరు మగవాళ్ళు వచ్చారు. దినమంతా రాళ్ళు కొట్టి వచ్చినవాళ్ళు మళ్ళీ రాళ్ళే ఎత్తారు. దూదేకులామె నా బిడ్డను ఎత్తుకుని గట్టు మీద కూర్చుని, "ఆ రాయి కాదప్పా, పక్కది పెట్టు, వంకర పోతాండాది," అని మేస్త్రీలాగా చెప్తూ ఉంది.

చిన్నమామ కర్ర పట్టుకుని వచ్చాడు. "ఎంతదాకా కడ్తారే ఇది? ఊరు దాటిస్తారా?"

"మా బిడ్డలు ఉండేదాకా," అంది మా అత్త, తల ఎత్తకుండా. ఆయన ఆమెకు మరిది. చిన్నప్పుడు ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు. కర్ర కింద పెట్టి కాసేపు నిలబడి, మళ్ళీ తీసుకుని వెళ్ళిపోయాడు. రాయి మాత్రం ఒక్కటీ ఎత్తలేదు. ఆ మనిషి గట్టితనం నాకు ఒకరకంగా నచ్చింది కూడా.

గోడకు అయిదు దినాలు పట్టింది. పడమటి పక్క అది గర్భిణి కడుపులాగా ముందుకు పొడుచుకు వచ్చింది.

తర్వాతి వంతుకు అయ్యగారు ఆలస్యం లేకుండా వచ్చాడు. సైకిలు గుడి గోడకు ఆనించి నేరుగా తోటకు నడిచాడు. మేమంతా వెనకాలే పోయాం. కొత్త గోడ పొడవునా నడిచి చూసి, నా వైపు తిరిగాడు.

"ఈ దినమైనా బల్లకు వస్తావా తల్లీ?"

"ముందు వీళ్ళకు ప్రార్థన చెప్పండి. తరువాత వస్తా."

ఆయన పుస్తకం తీశాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. "బాప్తిస్మం లేని పసిబిడ్డలకు ఇందులో ప్రార్థన లేదు తల్లీ."

"చిన్న అక్షరాల్లో కూడా లేదా?"

"లేదు."

"అయితే పుస్తకం లేకుండా చెప్పండి."

ఆయన పుస్తకం మూశాడు. కండ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అంత చదువుకున్న మనిషి చెమటలు కారుతూ నిలబడిపోయాడు. చివరికి కండ్లు తెరిచి, "నాకు రావడం లేదమ్మా. నువ్వే చెప్పు," అన్నాడు.

నాకు మాత్రం ఏం వస్తుంది? విన్నది చెప్పడమే గానీ విననిది ఎప్పుడూ చెప్పలేదు. మొదలు ఎక్కడో తెలియని ప్రార్థన అది. అందరూ నన్నే చూస్తున్నారు. మా అత్త తన గుండు రాయి పక్కన నిలబడి ఉంది. నేను కండ్లు మూసుకోలేదు. పైకి చూసి, చెలమ కాడ మాట్లాడినట్టే మాట్లాడాను.

"సామీ, ఈ బిడ్డలను మేము ఇన్నాళ్ళు అవతల పెట్టినాం. మాకు తెలీక పెట్టినాం. నీకు తెలుసు కదా, నువ్వు ఎందుకు ఊరుకున్న్యావు? వీళ్ళు నీ కాడ ఉంటే సరే. లేకుంటే ఇప్పుడు పోయి తెచ్చుకో. ఈ మాటకు నువ్వు జవాబు చెప్పేదాకా నేను నిన్ను వదిలేదాన్ని కాదు. నువ్వు లేవని చెప్పి తప్పించుకోనియ్యను."

మా అత్త గట్టిగా "ఆమెన్" అంది. అందరూ అన్నారు. అయ్యగారు కూడా అన్నాడు.

నాకు జవాబేమీ వినపడలేదు. గుడిలోకి పోయి, ఏడాది తర్వాత, అందరితో పాటు బల్ల ముందు వరుసలోకి పోయాను. ఇటూ అటూ అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. నేను బిడ్డను ఎత్తుకుని నిలబడే చెయ్యి చాచాను. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, రొట్టె ముక్క నా అరచేతిలో పెట్టాడు.